ఒడిబియ్యం మూటకు తాడు

తమ్ముడు ఫోన్ చేసి తాడు కొనమన్నాడు. నాకు అందిన పిలుపు అంతే.

"అక్కా, వచ్చే ఆదివారం చెల్లెకు ఒడిబియ్యం పోస్తున్నం. మూట బండి మీద కట్టుకపోవాలె. మీ శంషాబాద్‌ల బండి సామాన్ల దుకాణాలు మస్తుంటయ్ గద. ఒక మంచి తాడు చూసి తే. కట్టుడు సంగతి నీకైతె ఎరుకే" అన్నాడు.

ఇంటిల్లిపాదినీ పేరుపేరునా పిలిచి ఉంటాడు. నన్ను తాడు తెమ్మన్నాడు. తాడు దానంతట అది నడిచి రాదు కాబట్టి నన్నూ రమ్మన్నట్టే కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. చెప్పుకుని సంతోషించాను కూడా. సిగ్గులేని మనసు, ఎంత పెడితే అంతకే తోకాడిస్తుంది.

మా వైపు పెళ్లైన ఆడపిల్లను కొన్నేళ్లకోసారి పుట్టింటికి పిలిచి ఒడి నింపుతారు. మొగుడి పక్కన పీట మీద కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం ఆమె కొంగులో పోస్తారు. ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పసుపు కొమ్ములు, రవిక గుడ్డలు అందులోనే పెడతారు. ముత్తయిదువలు ఒక్కొక్కరే వచ్చి దోసిళ్లతో పోస్తారు. ఆ బియ్యం మూటగట్టి అత్తగారింటికి తీసుకుపోయి, మంచిరోజు చూసి వండి, నలుగురిని పిలిచి పెట్టుకోవాలి. దారిలో మూటను నేల మీద దించకూడదు. గింజ ఒలకకూడదు. ఇవి అందరూ పైకి చెప్పే నియమాలు. పైకి చెప్పనిది ఇంకొకటి ఉంది. మొగుడు పోయినదానికి ఒడి నింపరు, ఆమె చేత నింపించరు, ఆమె చెయ్యి ఆ మూట మీద పడనివ్వరు.

మా ఆయన పోయి రెండేళ్లు దాటింది. అప్పటినుంచి సాతంరాయిలో మా పుట్టింటికి నేను వెళ్లడం తగ్గింది. తగ్గింది అనడం మర్యాదకే. తమ్ముడు ఇంటి మీద అంతస్తు వేసి పూజ చేయించుకున్నప్పుడు నన్ను భోజనాల వేళకు రమ్మన్నాడు. పూజ పొద్దున అయిపోయింది. అంతకుముందు ఒకటి రెండు పండుగలకు ఫోనే రాలేదు. నాకు ఒడి నింపుతారన్న ఆశ లేదు, అంత వెర్రిదాన్ని కాను. నేను తేల్చుకోవాలనుకున్నది ఒకటే, ఆ ఇంటికి పెద్దాడబిడ్డ ఒకతె ఉందన్న సంగతి వాళ్లకింకా లెక్కలో ఉందా లేదా అని.

ఇక కట్టుడు సంగతి. నేను ఎయిర్‌పోర్టు పక్కన కార్గో షెడ్డులో పని చేస్తాను. మందుల పెట్టెలకు బెల్టు బిగించే చోట నిలబడతాను. బిగించేది మిషను, నేను మీట నొక్కుతాను. మా ఇంట్లో వాళ్లకు మాత్రం నేను తాళ్లలో పండితురాలిని. ఆ భ్రమ పోగొట్టడం నాకిష్టం లేకపోయింది. ఆ ఇంట్లో నా మీద మిగిలిన గౌరవం అదొక్కటే.

దుకాణం హైవే పక్కన ఉంది, క్యాబు డ్రైవర్లు చాయ్ తాగే హోటలుకు ఆనుకుని. గుమ్మానికి హెల్మెట్లు గుత్తులుగా వేలాడుతుంటాయి. దుకాణదారు మధ్యవయసు మనిషి. నేను తాళ్లు చూపించమనగానే అటక మీంచి ఒక బస్తా దించాడు.

"ఏం గట్టాలె అక్కా? సూట్‌కేసా, బ్యాగా? దూరం పోయేటోళ్లకు ఇగో గిట్ల బెల్టులున్నయ్."

"బియ్యం మూట."

"రేషన్ బియ్యమా?"

"ఒడిబియ్యం."

"అట్ల జెప్పు మరి" అని అతను బస్తా మొత్తం నేల మీద కుమ్మరించాడు.

తాళ్లలో ఇన్ని రకాలుంటాయని నాకు అప్పుడే తెలిసింది. పిల్లలు అల్లిన ఉయ్యాలలాగా ఒక వల ఉంది, నాలుగు మూలలా కొక్కేలతో. అది హెల్మెట్‌కు బాగుంటుంది, బియ్యానికి పనికిరాదని అతనే పక్కన పడేశాడు. నైలాను బెల్టు ఒకటి నాకు వెంటనే నచ్చింది. వెడల్పుగా, మందంగా, ఇనుప బకిలుతో ఉంది. దానితో ఏనుగును కట్టొచ్చు అనిపించింది. అదే చాలన్నాను.

"ఇది సామాన్లకు అచ్చా ఉంటది అక్కా. బియ్యానికి జర పరేషాన్. ఎందుకంటవా, గుంతలల్ల ఎగిరినప్పుడల్లా బియ్యం కిందికి దిగుతయ్, మూట సన్నగైతది. బెల్టేమో సాగదు, ముడుచుకోదు. నువ్వు ఇక్కడ ఎంత గట్టిగ గుంజి కట్టు, జర దూరం పోంగనే లూజ్ అయితది."

"మరి లాస్టిక్‌ది?"

"అది మూటతోటే దిగుతది. పట్టు ఇడువది. కాని కొక్కెం బండి కమ్మికే ఎయ్యాలె. బట్టకేస్తే బట్ట పోతది."

పాత ట్యూబు కోసి చేసిన నల్ల పట్టీలు కూడా ఉన్నాయి. గట్టివే. వాటిని చేతిలోకి తీసుకుని వెంటనే కింద పెట్టేశాను. నా పెళ్లైన కొత్తలో నాకు ఒడిబియ్యం పోసినప్పుడు మా ఆయన మూటను ట్యాంకు మీద పెట్టి అలాంటి ట్యూబు పట్టీతోనే కట్టాడు. కట్టాడన్నమాటే గాని నమ్మకం లేదు, శంషాబాద్ చేరేదాకా గడ్డం మూటకు ఆనించి బండి నడిపాడు. వెనక కూర్చుని నేను నవ్వుతుంటే, నవ్వకు, ఊగుతది, అన్నాడు. దిగేసరికి గడ్డమంతా పసుపు.

చాలాసేపు నిలబడ్డాను. సాగేదా, సాగనిదా, సన్నదా, వెడల్పుదా అని ఒక్కొక్కటే లాగి చూశాను. పెళ్లిచీర ఎంచినప్పుడు కూడా ఇంత ఆలోచించలేదు. చివరికి వెడల్పాటి లాస్టిక్ పట్టీలు రెండు తీసుకున్నాను. నలుపు, నీలం, ఎరుపు ఉంటే ఎరుపు ఏరుకున్నాను, శుభకార్యం కదా అని. నన్ను గడప బయట నిలబెట్టే శుభానికే నేను రంగు వెతుకుతున్నానని అక్కడ నాకు తోచలేదు.

ఆదివారం పొద్దున్నే ఉన్నవాటిలో కొంచెం మంచి చీర కట్టుకుని స్కూటీ మీద సాతంరాయి వెళ్లాను. వాకిట్లో ముగ్గు, గడపకు పసుపు. వంటల వాసన వీధిదాకా వస్తోంది. మరదలు ఎదురొచ్చింది.

"వచ్చినవా వదినా? తాడు తెచ్చినవా?"

సంచిలోంచి తీసి ఇచ్చాను. బాగుందంది, ఎర్రగా భలే ఉందంది. తీసుకుపోయి లోపల పీట పక్కన, పసుపు కుంకుమల పళ్లెం దగ్గర పెట్టింది. నేను కొన్న తాడు పీట దాకా పోయింది. నేను వాకిట్లోనే ఆగిపోయాను.

వంటింట్లో మాత్రం నా చేతులు పనికొచ్చాయి. వంకాయలు కోశాను. కొత్తిమీర కడిగాను. ఉల్లిగడ్డలు తరిగాను. గిన్నెలు తోమాను. ఒడిలో పోసే బియ్యం తప్ప ఆ ఇంట్లో ఆ రోజు నేను ముట్టని వస్తువు లేదు. తోమిన గిన్నెలకు లేని అంటు పసుపు బియ్యానికి ఎందుకు తగులుతుందో అడగాలనిపించింది, ఎవరిని అడగాలో తెలియలేదు. మా ఇంట్లో ఎవరూ ఎవరినీ ఒక్క మాట అనరు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టెడు రొయ్యలు మాయం.

బియ్యం పోస్తుండగా వంటింటి తలుపు పక్కనుంచి చూశాను. చెల్లెలు పచ్చటి పట్టుచీరలో, తల వంచుకుని, కొంగు రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. పక్కన ఆమె మొగుడు, మెడలో కొత్త తువ్వాలతో. వాళ్ల చిన్నపిల్ల అమ్మ ఒళ్లోకి ఎక్కుతానని మారాం చేస్తోంది. చెల్లెలు నాకంటే చాలా చిన్నది. బాపు పోయేనాటికి దానికి మాటలే సరిగా రాలేదు. అమ్మ పొలం పనికి పోతే దాన్ని చంకనెత్తుకుని తిరిగింది నేను. జడలు వేసింది నేను. పక్కింటి పిన్ని దోసిలి నింపుకుంటూ, "పెద్దపిల్ల రాలేదా?" అని అడిగింది. ఎవరో ఆమె మోచెయ్యి గిల్లారు. ఆమె గబగబా బియ్యం పోసేసి పక్కకు జరిగింది. చెల్లెలు తలెత్తలేదు. తలెత్తి నాకోసం చూస్తుందేమోనని నేను అక్కడే నిలబడ్డాను.

భోజనాలయ్యాక మూట కట్టారు. పసుపుపచ్చటి కొత్త గుడ్డ. చెల్లెలి అత్తవారిది మంఖాల్. చెల్లెలు, మొగుడు, పిల్ల ఒక బండి మీద వెళ్లాలి. పుట్టింటివాళ్లు సాగనంపాలి కాబట్టి తమ్ముడు తన బండి మీద మూట పెట్టుకుని వాళ్ల వెనకే వెళ్లాలి. మూటను తన బండి వెనక సీటు మీద ఎక్కించి తమ్ముడు ఒకటి చాలని ఒక్క ఎర్ర పట్టీయే అందుకున్నాడు, ఇంకోటి హ్యాండిల్‌కు తగిలించాడు. ఒక కొక్కెం బండి కమ్మికి వేశాడు. రెండో కొక్కెం లాగి మూట ముడిలోకే దూర్చాడు.

నేను వాకిట్లోనే ఉన్నాను. నోరు ఊరుకోలేదు.

"అరేయ్, ముడికి ఎయ్యకు. బట్ట పోతది. ఇటు కమ్మికి ఎయ్యి" అంటూ ముందుకు వెళ్లి పట్టీ కొస పట్టుకున్నాను.

"ముట్టకు."

అమ్మ గొంతు. ఇంటి వెనకనుంచి ఎప్పుడు వచ్చిందో చూడలేదు. తిట్టినట్టు లేదు, పొయ్యి దగ్గరికి పోయిన పసిపిల్లను ఆపినట్టు ఉంది.

"తాడే పట్టుకున్న అమ్మా. మూటను కాదు" అన్నాను.

"తాడు మూటకే గద ఉంది" అంది అమ్మ.

వాదం బాగానే ఉంది. కోర్టులో కూడా నిలుస్తుంది. పట్టీ వదిలేశాను. తమ్ముడు తలెత్తకుండానే, "నువ్వుండక్కా, నేను కడుత గద" అన్నాడు. నోటితోనైనా చెబుదామని మళ్లీ కొక్కెం గురించి ఎత్తబోయాను. పెద్దత్త అడ్డొచ్చింది. "పోయేటప్పుడు ఎనకకెల్లి ఒర్రకే బిడ్డా" అంది. చెయ్యి పనికిరాదు, నోరూ పనికిరాదు. కొక్కెం ముడిలోనే ఉండిపోయింది. ఒడి నింపుకున్న ఆడపిల్ల గడప దాటేటప్పుడు నాలాంటిది ఎదురు పడకూడదు కాబట్టి, నేనే తెలివి తెచ్చుకుని ఇంటి పక్క సందులోకి పోయి నిలబడ్డాను. రెండు బండ్ల చప్పుడు దూరమయ్యాక ఇవతలికి వచ్చాను.

అమ్మ ఏదో అనబోయింది. నేను ఆగకుండా స్కూటీ ఎక్కాను.

శంషాబాద్‌లో నా గది ఉన్న సందు మొదటికి వచ్చానో లేదో ఫోన్ మోగింది. తమ్ముడు.

"అక్కా, యాడున్నవ్? జర రింగురోడ్డు సర్వీసు రోడ్డు మీదికి రా. మూట ఇడిసింది."

వెళ్లాను. దూరంనుంచే కనిపించింది. స్పీడ్‌బ్రేకర్ దగ్గర మొదలై రోడ్డు మీద పసుపు గీత గీసినట్టు బియ్యం పరుచుకుని ఉన్నాయి. కుడుకలు దొర్లి గడ్డిలో పడ్డాయి. తమ్ముడు కూలబడబోతున్న మూటను రెండు చేతులా బండి మీదే ఒత్తి పట్టుకుని నిలబడ్డాడు. చెల్లెలు పిల్లను ఎత్తుకుని ఏడుస్తోంది. గోదాములకు పోయే లారీలు హారన్ కొడుతూ పక్కకు తప్పుకుని పోతున్నాయి. కొన్ని తప్పుకోలేదు.

పట్టీ తెగలేదు. ఒక కొక్కెం కమ్మికి అలాగే ఉంది. రెండోది గుడ్డను చీల్చుకుని బయటికి వచ్చి వేలాడుతోంది. నేను దాన్నే చూస్తున్నాను. మరిది, చెల్లెలి మొగుడు, నన్ను చూస్తున్నాడు.

"తాడు ఎవరు కొన్నరు?" అని అడిగాడు.

"అక్కనే" అన్నాడు తమ్ముడు.

అబద్ధం చెప్పలేదు. కొన్నది నేనే. కట్టింది ఎవరని మరిది అడగలేదు, తమ్ముడు చెప్పలేదు. నిజం చెప్పి కూడా మనిషిని పట్టివ్వవచ్చని నాకు ఆ సర్వీసు రోడ్డు మీద తెలిసింది. మరిది పక్కకు పోయి వాళ్లమ్మకు ఫోన్ చేశాడు. అటునుంచి ఏమడిగిందో వినపడలేదు. ఇతని మాటలు వినపడ్డాయి. "ఆఁ, ఆమెనే. ఆఁ, పెద్దామెనే. గదే మరి" అన్నాడు.

నేను కట్టి ఉంటే ఒలికేవి కావని నేను అనను. ఏమో, నేను కట్టినా ఒలికేవేమో. గుంతలు నా మొహం చూసి పూడుకోవు. కాని మొగుడున్న ఆడది కొన్న తాడైతే అవి ఒట్టి ఒలికిన బియ్యం. అయ్యో అనుకుని, నాలుగు అక్షింతలు తల మీద చల్లుకుని ముందుకు పోయేవాళ్లు. తాడు నేను కొన్నాను కాబట్టి అది అపశకునం అయింది. వచ్చే ఏడు వాళ్లింట్లో ఎవరికి జ్వరం వచ్చినా ఈ స్పీడ్‌బ్రేకర్ గుర్తొస్తుంది, దానితోపాటు నేను గుర్తొస్తాను.

ఇంకో లారీ వస్తోంది. చెల్లెలు అంది, "అక్కా, తొక్కుతరే."

నిజమే, బియ్యం తొక్కించకూడదు. కాని ఎత్తేదెవరు? ఒడి నిండిన ఆడపిల్ల తన ఒడి బియ్యం నేల మీంచి ఏరుకోకూడదు. మరిది ఏరడు, అల్లుడు కదా. తమ్ముడి చేతుల్లో మూట ఉంది. ముగ్గురూ నావైపు చూశారు. ఇందాక తాడు కొస పట్టుకుంటేనే ఆగిన ఊపిరి ఇప్పుడెవరికీ ఆగలేదు. ముట్టకు అని ఒక్కరూ అనలేదు.

కూర్చుని ఎత్తడం మొదలుపెట్టాను. పోయడానికి సంచి లేదు, కొంగు పరిచాను. అరచేతులతో మట్టినీ బియ్యాన్నీ కలిపి ఊడ్చి, దోసిట పట్టి కొంగులో వేసుకుంటూ జరుగుతున్నాను. నెత్తి మీంచి విమానం ఒకటి చక్రాలు దించుకుని పోయింది. పిల్ల ఏడుపు ఆపి దాన్ని చూసింది. సగం ఎత్తాక నాకు నేను కనిపించాను. రెండు మోకాళ్ల మీద కొంగు పరుచుకుని కూర్చున్నాను, పసుపు బియ్యం దోసిళ్లకొద్దీ అందులో పడుతున్నాయి, పోస్తున్నది కూడా నేనే. చచ్చేంత సిగ్గేసింది. లేచి వెళ్లిపోవాలనుకున్నాను. లారీ దగ్గరికి వచ్చేసింది, మిగిలినవి కూడా ఎత్తాను.

తమ్ముడు అమ్మకు ఫోన్ కలిపి స్పీకరు పెట్టాడు. జరిగింది చెప్పాడు.

"పడ్డయి కలుపకుండ్రి. మూటల మిగిలినయే తీస్కపోండ్రి. ఇంటికి పోయినంక వాళ్లే ఇన్ని బియ్యం కలుపుకుంటరు" అంది అమ్మ.

"మరి పడ్డయి ఏం జెయ్యాలె?"

"దాన్నే తీస్కపొమ్మను. కోళ్లకేస్తదో, ఏం జేస్తదో."

నేను పక్కనే ఉన్నానని అమ్మకు తెలుసు. అక్కనే పిలిచానని తమ్ముడు మొదటే చెప్పాడు.

చిరిగిన చోట మరిది తువ్వాలతో ఇంకో చుట్టు చుట్టారు. పిల్లను తమ్ముడి బండి మీద కూర్చోబెట్టి, మూటను చెల్లెలు ఒళ్లో పెట్టుకుంది. మొదటే ఇలా చేసి ఉంటే తాడే అక్కర్లేకపోయేది. చెల్లెలు బండి కదిలేముందు నా భుజం మీద చెయ్యి వెయ్యబోయి, మూట పట్టుకున్నానని గుర్తొచ్చి ఆగిపోయింది. "పోతున్న అక్కా" అంది. తమ్ముడు ఎర్ర పట్టీలు రెండూ చుట్టచుట్టి నా స్కూటీకి తగిలించాడు. "ఇవి నువ్వే ఉంచుకో" అన్నాడు.

నాకు కోళ్లు లేవు. రెండో అంతస్తులో కిరాయి గది. బియ్యం చాటలో పోసి చెరిగాను. కళ్లద్దాలు పెట్టుకుని రాళ్లు ఏరాను. షెడ్డునుంచి వచ్చాక రోజూ కొన్ని ఏరేదాన్ని. ఎంత ఏరినా తారు పలుకులు మిగులుతూనే ఉన్నాయి. పడేయడానికి చేతులు రాలేదు. వండుకోవడానికీ రాలేదు. ఏరడం ఒకటే చేతనైంది.

శుక్రవారం నాడు చెల్లెలు ఒడిబియ్యం వండుకుంది. ఫోనులో స్టేటసు పెడితే చూశాను. పరమాన్నం, పులిహోర, విస్తళ్ల వరస. తమ్ముడు, మరదలు, పెద్దత్త, పక్కింటి పిన్ని. నన్ను పిలవలేదు. డ్యూటీ ఉంటుందనుకున్నారట, తర్వాత ఎప్పుడో తమ్ముడు అన్నాడు. ఆ రోజు నాకు సెలవు. ఆ స్టేటసు చూసి లేచి, చాటలోని బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాను. పచ్చిపులుసు కలుపుకున్నాను. అన్నం పచ్చగా, పూలలాగా ఉడికింది.

అన్నం వార్చి కూర్చుంటుండగా తలుపు చప్పుడైంది. అమ్మ. మంఖాల్‌నుంచి వస్తూ, మిగతావాళ్లను ఆటోలో పంపించి, తను శంషాబాద్‌లో దిగిపోయిందట. మందుల దుకాణంలో పని ఉందని చెప్పి దిగిందట. అక్కడెవరికీ నా గదికి వస్తున్నట్టు చెప్పలేదు.

"తిన్నవా?" అని అడిగాను.

"అందరు తిన్నంక తిందామనుకున్న. ఆటో వచ్చె" అంది.

అంటే తినలేదు. బిడ్డ ఒడిబియ్యం వండిన ఇంటినుంచి ఆకలితో వచ్చింది. నేను ఇంకో కంచం తెచ్చి పెట్టాను. అమ్మ కంచంలోకి చూసింది. పసుపు రంగు చూసింది.

"గివేనా?"

"గివే."

తినదనుకున్నాను. తినకపోతే ఆ కంచం లాక్కుని ఎత్తేద్దామనుకున్నాను, అంత కోపం ఉంది నాలో. అమ్మ పులుసు పోయించుకుని కలిపి ముద్ద పెట్టుకుంది. రెండో ముద్దకో మూడో ముద్దకో పంటి కింద పలుకు తగిలింది. వేలితో తీసి కంచం అంచుకు పెట్టి మళ్లీ తినసాగింది. బాపు పోయాక అమ్మ ఒడిబియ్యం అన్నం తినడం నేను చూడలేదు. ఎవరింట్లో వండినా ఆమె వంతు వచ్చేసరికి ఎప్పుడూ ఏదో ఒక ఆటో వచ్చేసేది.

"చెల్లె బిడ్డకు చెవులు కుట్టిస్తరంట" అంది కాసేపయ్యాక. "తమ్ముడు నిన్ను పిలుస్తడు. మంచోడే, పిలుస్తడు. నువ్వు రాకు బిడ్డా."

"ముట్టకు అన్నది నువ్వే. రాకు అంటున్నది నువ్వే. నీకు నేనేం జేసిన అమ్మా?"

గొంతు పెరిగింది. అమ్మ తినడం ఆపలేదు.

"నేను అనకుంటె ఇంకోలు అందురు. మీ మరదలు అంటే పడ్తవా నువ్వు? ఆమె నోరు తెరిసిందని నేనే ముంగట అన్న."

"నువ్వు పడ్డవ్ గద ఇన్నేండ్లు."

"నాకు ఆ ఇల్లు తప్ప ఇంకో ఇల్లు లేదు. లోపల పనులైతుంటె ఎనక కూసున్న. అయిపోయినంక లోపలికి వచ్చిన. ఏం జెయ్యాలె మరి? నీకు కిరాయిదో గిరాయిదో ఒక రూమున్నది. తలుపేస్కో. గిట్ల కూసొని కడుపు నిండ తిను."

ఆమె మీద కోపం పోలేదు, ఇప్పటికీ పూర్తిగా పోలేదు. కాని ఆ కోపాన్ని పెట్టుకుని ఆమె ముఖంలోకి చూడలేకపోయాను. అమ్మ ఇంకొంచెం పెట్టమంది. గిన్నె అడుగున ఉన్నది గీకి ఆమెకే పెట్టాను. చివరి మెతుకు దాకా తిని, కంచం అంచున ఉన్న పలుకుల్ని వేలితో ఒక చోటికి చేర్చి, చెయ్యి కడుక్కుంది.

మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటూ నా వైపు తిరిగింది.

"ఇక్కడ తిన్నట్టు ఇంట్ల చెప్పకు."

చెప్పనన్నాను. చెప్పడానికి ఆ ఇంట్లో నాతో మాట్లాడేవాళ్లు ఎవరున్నారని మాత్రం అడగలేదు.